మట్టి పద్దు

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయపు పండుగలో నన్నొక ప్రసంగము చేయుమని కార్యదర్శిగారు ఆదేశించినపుడు నేను సంకోచించితిని. నేను పండితుడను గాను. సహకార సంఘములో పద్దులు వ్రాసి పొట్టపోసికొనువాడను. నాకు వచ్చిన నాలుగు పద్యములును ఈ బీరువాలలోని భారత భాగవతములను దీపము ముందు పెట్టుకొని కూడబలుక్కొని నేర్చినవే. కనుక నాకు తెలిసిన జమాఖర్చులను గూర్చియే మాటాడెదనని ఒప్పుకొంటిని. అయితే ఇది రూపాయల జమాఖర్చు కాదు, మట్టి జమాఖర్చు. ఆ పద్దు సరిచూచుటలో మన పిల్లలకు ఎట్టి జీవనోపాధి కలదో కూడ మనవి చేసెదను.

ముందుగా నా తప్పు ఒప్పుకొనవలసి యున్నది. 2015 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము భూసార ఆరోగ్య పత్రముల పథకమును ప్రారంభించినది. కొంతకాలమునకు నా మూడెకరముల నల్లరేగడికి కూడ ఒక పత్రము వచ్చినది. ఊరివారి ప్రతి కాగితమును రెండుమారులు చదివి సంతకము చేయించు నేను నా కాగితమును చదువలేదు. మందముగా నున్నదని భాగవతములో గుర్తుగా పెట్టుకొంటిని. నాలుగేండ్లు అది అక్కడనే యుండెను. ఒకనాడు చతుర్థ స్కంధములోని పృథు చక్రవర్తి కథ చదువుచుండగా జారి పడినది. అందు పండ్రెండు అంశములలో ఒకటి సేంద్రియ కర్బనము. నా నేలలో 0.34 శాతము, ప్రక్కన “తక్కువ” అని వ్రాసి యున్నది. 0.50 లోపల తక్కువ, 0.75 వరకు మధ్యమము, ఆపైన ఎక్కువ అని లెక్క.

ఆ కథ మీకు తెలిసినదే. భూమి విత్తనములను తనలో దాచుకొన్నదని కోపించి పృథువు విల్లెక్కుపెట్టెను. గోరూపముననున్న భూమి చెప్పిన సమాధానము నాకు ఆనాడు క్రొత్తగా వినబడినది. ‘నాకు తగిన దూడను, పాత్రను, పితుకువానిని ఏర్పరచుము, వాన వెలిసిన తరువాత కూడ నీరు నాపై నిలుచునట్లు నన్ను చదును చేయుము’ అని ఆమె మాటల తాత్పర్యము. దూడకు విడువక పాలు పితుకరాదు. నేను ముప్పదియేండ్లు పితికితిని. దూడను మాత్రము కట్టలేదు. ఏటేట పత్తికట్టెను పొలములోనే కాల్చితిని. పెంట తోలుట మానితిని. యూరియా బస్తాల లెక్క మాత్రము పైసతో సహా వ్రాసికొంటిని.

ఈ కర్బనమనగా నేమి? చెట్టు ఆకులద్వారా గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని దానితోనే తన కాయము కట్టుకొనును. ఆకు రాలి, వేరు కుళ్లి, సూక్ష్మజీవులు తినగా చాల భాగము మరల వాయువై పోవును; కొంత మాత్రము బంకమట్టి రేణువులను పట్టుకొని నేలలో నిలుచును. ఆ నిలువయే నేలకు నీటిని పట్టు శక్తిని, పోషకములను దాచు శక్తిని ఇచ్చును. ప్రపంచములోని నేలలన్నిటిలోను గల సేంద్రియ కర్బనము, గాలిలోను చెట్టుచేమలలోను గల కర్బనమంతయు కలిపినదానికంటె అధికము. అది కరగి గాలిలో చేరినకొలది లోకమున వేడి పెరుగును. నేలలో నిలిచినకొలది పంటకును లోకమునకును మేలు.

మనది ఎండదేశము. ఇక్కడ ఈ నిలువ త్వరగా కరగును. బోడినేలను మండుటెండకు వదలినను, మాటిమాటికి లోతుగా దున్నినను, పంటవ్యర్థములను కాల్చినను ఖర్చు పద్దు పెరుగును. జమ పద్దుకు మన పెద్దల దారులు మనకు తెలియును: పశువుల పెంట, గొర్రెల మంద, చెరువు మట్టి, జనుము, జీలుగ, పిల్లిపెసర, పత్తిలో కంది సాళ్లు. ఇవి వట్టి మాటలు కావు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ క్షేత్రములో 1976 నుండి నల్లరేగడిలోనే ఒక దీర్ఘకాల ప్రయోగము జరిపిరి. పాత పద్ధతిలో ఎకరమునకు నాలుగు క్వింటాళ్లకు పైబడి పండగా, వాననీటిని మడులలో నిలిపి, కందివంటి పప్పుజాతి పైరును కలిపిన చోట ఇరువది క్వింటాళ్ల వరకు సగటున పండెను. నేలలో కర్బనము కూడ పెరిగెను.

ఇక రెండవ తప్పు. అది మొదటిదానికంటె పెద్దది. మన చదువరులలో ఒక కుర్రవాడు పదియవ తరగతి ముగించి, వ్యవసాయ పాలిటెక్నిక్కులో చేరవచ్చునా అని ఈ గదిలోనే నన్నడిగెను. “మట్టి పిసుకుటకు చదువేల నాయనా? పట్టణము పోయి బ్రతుకు” అంటిని. అతడు నా మాట విని పోయెను. ఈనాడొక గోదాము వాకిట రాత్రికావలి కాయుచున్నాడు. అతని తండ్రి నన్నొక్క మాట అనలేదు. అందుచేతనే నాకు నిద్ర పట్టదు. ఆనాడు చెప్పవలసిన మాటలను ఈనాడు మీ అందరి ముందు చెప్పుచున్నాను.

పది ముగించినవారికి రెండేండ్ల వ్యవసాయ డిప్లొమా కలదు. ఇంటరు తరువాత నాలుగేండ్ల బి.ఎస్సి. కలదు. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945 నుండి నడుచుచున్నది; రాజేంద్రనగరములో మరియొకటి కలదు. ఆపైన మట్టిశాస్త్రములోనే పై చదువు చదువవచ్చును. భోపాలులో 1988లో స్థాపింపబడిన భారత మృత్తికాశాస్త్ర సంస్థయు, హైదరాబాదులో మెట్టసేద్య పరిశోధన సంస్థయు అట్టివారికి కార్యక్షేత్రములు. 2019లో మన గ్రామ సచివాలయములు ఏర్పడినపుడు డిప్లొమా చదివినవారు కూడ గ్రామ వ్యవసాయ సహాయకులుగా చేరిరి. మట్టిపరీక్షాశాలలో విశ్లేషకుని పని యున్నది. 1934లో వెలువడిన వాక్లీ–బ్లాక్ పద్ధతినే నేటికిని ఆ శాలలలో వాడుచున్నారు. ఊరిలోనే చిన్న పరీక్షాకేంద్రము నెలకొల్పుటకు యువకులకును, మహిళా సంఘములకును పథకములో వీలు కలదు. 2016 నుండి మన రాష్ట్రములో రైతు సాధికార సంస్థ నడపుచున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమములో, తాము చేసి చూపి ఇరుగుపొరుగులకు నేర్పు రైతులనే శిక్షకులుగా నియమించుచున్నారు. వారిలో స్త్రీలును కలరు. ఆ కార్యక్రమమునకు 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతిలో భాగము లభించినది.

ఆ బహుమతిని పంచుకొన్నవారిలో రత్తన్ లాల్ అను మట్టిశాస్త్రజ్ఞుడొకడు. 1944లో నాటి పశ్చిమ పంజాబులో పుట్టి, దేశవిభజనలో ఇల్లు వాకిలి విడిచి వచ్చిన చిన్న రైతు కుటుంబమువాడు. లూధియానాలో చదివి, అమెరికాలోని ఒహైయోలో 1968లో డాక్టరు పట్టము పొంది, నేలలో కర్బనమును నిలుపు విద్యకై 2020లో ప్రపంచ ఆహార బహుమతి నందుకొనెను. మట్టి పిసికినవాడు ఎంతవరకు పోగలడో నాకప్పుడు తెలియలేదు. అందరును అంత ఎత్తునకు పోలేరు. ఈ ఉద్యోగములు లెక్కకు మిక్కిలి కావు, మొదటి జీతములును స్వల్పమే. కాని ఇది గౌరవమైన పని, ఊరు విడువనక్కరలేని పని.

ఈ చదువు మనకేల అత్యవసరమో తుదిగా ఒక లెక్కతో చెప్పెదను. నేలలో కర్బనము పెంచినచో “కార్బన్ క్రెడిట్టు” పేర సొమ్ము వచ్చునని, ఏండ్ల తరబడి కట్టుబడు ఒప్పందములపై సంతకము పెట్టుమని మన రైతులను అడుగు దినములు వచ్చినవి. ఒక క్రెడిట్టనగా ఒక టన్ను బొగ్గుపులుసు వాయువు. ఎకరము నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు. అందు కర్బనము 0.4 నుండి 0.5 శాతమునకు పెరిగినచో, పెరిగినది 900 కిలోలు. ఒక కిలో కర్బనము 3.67 కిలోల వాయువునకు సమానము. అనగా ఎకరమునకు మూడు క్రెడిట్లకు కొంచెము పైన. ఆ కొద్దిపాటి పెంపునకే కొన్ని ఏండ్లు పట్టును. అందులో కొలత ఖర్చులెంత, మధ్యవర్తి వాటా ఎంత, నడుమ మానినచో నష్టమెవరిది? ఈ మూడు ప్రశ్నలడుగనిదే ఎవరును వ్రేలిముద్ర వేయరాదు. నేను ఒప్పందములు వలదనుట లేదు. చదువక సంతకము వలదనుచున్నాను. చదివి చెప్పువాడు మన ఊరి పిల్లవాడే యైనచో ఎంత ధైర్యము! నేల బలము కొరకు మాత్రము ఎవరి సొమ్ము కొరకును వేచియుండ పనిలేదు. మొదటి లాభము మన పైరుదే.

సోదరులారా! ఈ గ్రంథాలయములో తీసికొన్న పుస్తకమును గడువులో తిరిగి ఇచ్చు అలవాటు ఇరువదియైదేండ్లుగా నేర్చుకొంటిమి. నేలనుండి తీసికొన్నదానికి కూడ అట్టి పుస్తకమొకటి ఉండవలెనని, రజతోత్సవ కానుకగా ఒక దళసరి చిట్టా తెచ్చితిని. పుట కొక పొలము. సర్వే నెంబరు, పరీక్ష చేసిన తేదీ, కర్బనపు శాతము, ఆ యేడు నేలకు వేసిన జమ. మొదటి పుటలో నా సిగ్గు నేనే వ్రాసికొంటిని: 0.34. వేసవిలో, నేల ఖాళీగా నున్నపుడు, ఎకరమునకు పది పదునైదు చోట్ల జానెడు లోతున మట్టి తీసి, గట్లు, చెట్ల నీడ, పెంటకుప్పలు తప్పించి, కలిపి అరకిలో నమూనా పంపుట మన విద్యార్థులు ఒక్క పూటలో నేర్వగలరు. వారికి నా పొలమే బడి.

ఆ కుర్రవానికి కూడ ఉత్తరము వ్రాసితిని. క్షమింపుమని వ్రాసి, రెండవ పుట వాని తండ్రి పొలము కొరకు ఖాళీగా ఉంచితినని తెలిపితిని. జవాబు ఇంకను రాలేదు. వచ్చునంతవరకు ఆ పుటలో మరెవ్వరును వ్రాయవలదని గ్రంథపాలకుని కోరుచున్నాను.