రెండోసారి ఆసుపత్రి ఖర్చు



మేము డాక్టర్లం కాము, బడిలో పాఠాలు చెప్పేవాళ్లం. అయినా మా హాజరుపట్టీ ఒక్కోసారి ఇంటి జబ్బును బయటపెడుతుంది. ఏడో తరగతి అమ్మాయి నాలుగు రోజులు బడికి రాకపోతే వాళ్లింటికి వెళ్లాం. పిల్ల వంట చేస్తోంది. తల్లి దుప్పటి కప్పుకొని పడుకుంది. "ఏం లేదు ఆపా, కడుపునొప్పి, అదే తగ్గిపోతుంది" అంది. మగవాళ్లు బయటికి వెళ్లాక అసలు మాట చెప్పింది.

గర్భం పోతే, పది రోజుల కింద ఆసుపత్రిలో గర్భసంచి శుభ్రం చేశారు. ఆ ఖర్చు మన సొసైటీయే ఇచ్చింది. మాత్రలు వికారం పెడుతున్నాయని రెండో రోజే మానేసింది. ఇప్పుడు జ్వరం, పొత్తికడుపులో నొప్పి, దుర్వాసనతో తెల్లబట్ట. మందుల చీటీ ఇంగ్లీషులో ఉంది. ఆ ఇంట్లో అది చదివేవాళ్లు లేరు.

ఆటోలో తీసుకెళ్లాం. ఇంజెక్షన్లు, ఆ తర్వాత మాత్రలు, మొత్తం 14 రోజుల వైద్యం. డాక్టరమ్మ మాకు విడమరిచి చెప్పారు. గర్భసంచి శుభ్రం చేసినా, కాపర్‌-టి వేసినా పరికరాలు గర్భసంచి లోపలికి వెళ్తాయి. వాటితోపాటు కింది క్రిములు పైకి చేరే వీలుంది. కాపర్‌-టి వేసుకున్నవాళ్లకు మొదటి 3 వారాలే ఎక్కువ జాగ్రత్త. చీము పట్టి ట్యూబులు మూసుకుపోతే మళ్లీ పిల్లలు పుట్టకపోవచ్చు, లేదా గర్భం ట్యూబులోనే నిలిచి ప్రాణం మీదికి రావచ్చు. ఇది కొద్దిమందికే వస్తుంది. కానీ వచ్చినవాళ్లు నోరు విప్పరు. తెల్లబట్ట అనే మాట అత్తగారి దగ్గర కూడా అనలేరు. నిజం చెప్పాలంటే, ఈ సభలో అనడానికి మాకూ జంకుగానే ఉంది.

ఆ రెండోసారి ఆసుపత్రి ఖర్చుకు మన లెక్కల్లో పద్దు లేదు. మేమే తలా కొంత వేసుకున్నాం. ఈ ఏడాది ఆ పద్దు పెట్టండి: వారం తర్వాత మళ్లీ చూపించుకోవడానికి ఆటో చార్జీ, పూర్తి మందులు. ఉర్దూలో, తెలుగులో ఒక చీటీ కూడా అచ్చు వేయించండి. జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, పొత్తికడుపు నొప్పి పెరుగుతున్నా, వాసన వచ్చినా, రెండు గంటలపాటు గంటకు రెండేసి ప్యాడ్లు తడిసినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని అందులో రాయాలి. రాసిపెట్టే పని మాది, అచ్చు ఖర్చు మీది.

ఆ తల్లి కోలుకుంది. పిల్ల మళ్లీ బడికి వస్తోంది, లెక్కల్లో మాత్రం ఇంకా వెనకే ఉంది.