రేక్‌కు పళ్లు మార్చేటప్పుడు

వరికోతలు అయిన వారంలో సిరుగుప్ప, కంప్లి వైపు పోయి చూడండి. మిషన్ కోసిన మళ్లలో గడ్డి పరుచుకుని ఉంటుంది. ట్రాక్టరుకు తగిలించిన రేక్ దాన్ని తలదువ్వినట్టు దువ్వి వరసలు చేస్తే, వెనక బేలర్ వచ్చి చుట్టలు చుడుతుంది. మన పెద్దల కాలంలో గడ్డి పోగుచేసే పని కళ్లంలో పంగలకర్రతో జరిగేది. అది విరిగితే కంపచెట్టు నుంచి ఇంకొకటి కొట్టుకునేవారు. ఇప్పుడు విరిగేది ఇనుప పల్లు. అంగడికి పోవాలి.

తెలుగులో పల్లు, కన్నడంలో హల్లు. పాలు హాలైనట్టు, పులి హులి అయినట్టు. బళ్లారిలో ఏ మాటతో అడిగినా అంగడివారికి అర్థమవుతుంది. కానీ ఉత్త "రేక్ పల్లు ఇవ్వండి" అంటే చాలదు. విరిగినదాన్ని ఒక్కటే జేబులో వేసుకుని పోకండి. దాని పొడవెంతో అది చెప్పలేదు గదా! పక్కనున్న మంచి పల్లు ఒకటి విప్పి తీసుకుపోవాలి. రెండూ పక్కపక్కన పెట్టి పొడవు, కొన వంపు, బోల్టు పట్టే చోటు సరిపోయాయా అని చూసుకోవాలి.

తీగ మందం దగ్గర చాలామంది మోసపోతారు. 8 మిల్లీమీటర్ల తీగకు బదులు 9 మిల్లీమీటర్లది ఇచ్చి, "ఇది ఇంకా గట్టిదన్నా" అంటారు. ఒక్క మిల్లీమీటరే గదా అనిపిస్తుంది. మిగతా కొలతలన్నీ ఒకటే అయితే స్ప్రింగు బిగుతు తీగ మందానికి నాలుగో ఘాతంగా పెరుగుతుంది. అంటే ఆ ఒక్క మిల్లీమీటరుతో బిగుతు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. వంగవలసిన పల్లు వంగదు, రాయి తగిలిన దెబ్బ దాన్ని పట్టిన బోల్టుకూ కడ్డీకీ పోతుంది. 7 మిల్లీమీటర్లది వేస్తే బిగుతు అరవై పాళ్లకు పడిపోతుంది, పచ్చిగడ్డి బరువుకు పల్లు వెనక్కి వాలిపోతుంది. లెక్కల పంతులు రేక్‌లోనూ లెక్కలు చెప్పబట్టె అని నవ్వుకోకండి. కాలిపర్ పెట్టి కొలవమని అడగడంలో తప్పు లేదు.

పల్లు మొదట్లో చుట్టలు ఉంటే, అవి ఏ వైపు తిరిగాయో కూడా చూడాలి. గడ్డి లాగేటప్పుడు చుట్ట బిగుసుకోవాలి గానీ విప్పుకోకూడదు. కొన్ని రేక్‌లకు ఎడమవి వేరు, కుడివి వేరు.

మన కమ్మరి అన్నల పనితనం మీద నాకు గౌరవం తక్కువ కాదు. గుంటక పాస సాగదీయాలంటే కొలిమికే పోవాలి. రేక్ పల్లు సంగతి వేరు. అది స్ప్రింగు ఉక్కు. ఎర్రగా కాల్చి వంచితే దాని పదును పోతుంది, తర్వాత వంగిన చోటే నిలిచిపోతుంది. విరిగినదానికి వెల్డింగు పెడితే అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది. కొత్తది కొనడమే మేలు. ఒకే చోట పళ్లు మాటిమాటికీ విరుగుతుంటే తప్పు పల్లుది కాదు, పట్టిన కడ్డీ వంగిందేమో చూడాలి.

ఇంతకూ విరిగిన ముక్క ఏమైంది? ఇది అందరూ అడగాల్సిన ప్రశ్న. అది గడ్డివరసలో పడుతుంది, బేలర్ దాన్ని చుట్టలో చుట్టేస్తుంది. అక్కడినుంచి మేత కత్తిరించే మిషన్‌లోకి పోతే బ్లేడు పగిలి మనిషికే ప్రమాదం. చిన్న ముక్కలైతే ఆవు కడుపులోకి పోతాయి. పశువు మేతను మొదట నమలకుండా మింగుతుంది. ఇనుము రెండో పొట్టలో, తేనెపట్టు లాంటి గదిలో నిలుస్తుంది. దానికి ముందు పక్కనే గుండె. పొట్ట ముడుచుకున్నప్పుడల్లా మొన ముందుకు జరుగుతుంది. మేత మానడం, పాలు ఒక్కసారిగా తగ్గడం, వీపు వంచి నిలబడడం, దిగుడులో నడవాలంటే మూలగడం, మెడ కింద నీరు దిగడం కనబడితే పశువైద్యుణ్ణి వెంటనే పిలవండి. ఇంటిమందు పోస్తూ కూర్చుంటే దినాలు గడిచిపోతాయి.

ఐరోపాలో కొందరు రైతులు పళ్ల చుట్టల్లోంచి తాడో కేబులో దూర్చి కడతారు. పల్లు విరిగినా కింద పడక వేలాడుతుంది. ఇది మనమూ చేసుకోవచ్చు. తాడు తిరిగే భాగాలకు చుట్టుకోకుండా మాత్రం బిగించాలి. మడి మారినప్పుడల్లా ట్రాక్టరు ఆపి పళ్లు లెక్కపెట్టండి. ఒకటి తగ్గితే ముక్క దొరికేదాకా బేలర్‌ను ఆ వరసలోకి రానివ్వకండి.

కొత్త పళ్లు వేశాక ఎత్తు మళ్లీ సరిచేయాలి. అరిగినవాటి మధ్య కొత్తది పొడవుగా నిలిచి నల్లరేగడిని గీరుతుంది, మట్టిగడ్డలు గడ్డిలో కలుస్తాయి. కొన నేలకు ఒకటి రెండు వేళ్ల ఎత్తున, వరి కొయ్యకాళ్లను తాకుతూ పోవాలి. పక్కపక్క పళ్లు బాగా అరిగి ఉంటే అన్నీ ఒకేసారి మార్చి, పాతవాటిలో మంచివి రెండు మూడు ట్రాక్టరు డబ్బాలో ఉంచుకోండి. పొలం మధ్యలో అక్కరకొస్తాయి.