చేపు వచ్చే రెండు నిమిషాలు

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘ సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఇన్‌స్పెక్టరు మాట్లాడటానికి లేచాడంటే బకాయిలు, వాటాధనం, ఆడిట్ అభ్యంతరాలు చదువుతాడని మీకు తెలుసు. ఈ రోజు వాటిని పక్కన పెట్టి ప్రశాంతతను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము. పాడి ఉన్న ఇంట్లో ప్రశాంతత ఎక్కడిదని వెనుక కూర్చున్న అమ్మలు నవ్వుతున్నారు. నిజమే. చీకటితో లేవాలి, పేడ తీయాలి, కుడితి పెట్టాలి, పాలు పిండాలి, పిల్లలను బడికి తయారుచేయాలి, కేంద్రం మూసేలోగా పాలు చేర్చాలి. సాయంత్రం మళ్ళీ ఇదే వరుస. గేదెకు ఆదివారం లేదు, పండుగ లేదు.

మేము చూసిన ఒక సంగతి చెబుతాము. ఒక ఊరిలో ఒక సభ్యురాలు పాస్‌పుస్తకం పట్టుకొని మా వద్దకు వచ్చింది. "నెల రోజులుగా వెన్న శాతం పడిపోతోందయ్యా. గేదె అదే, మేత అదే, దాణా అదే. మేము నీళ్ళు కలిపేవాళ్ళం కాదు. ఇదంతా కార్యదర్శి చేస్తున్న పనే" అన్నది, నలుగురి ఎదుట. ఆ కార్యదర్శి ఏళ్ళ తరబడి సంఘాన్ని నమ్ముకొని ఉన్న మనిషి. ఏమీ మాట్లాడకుండా తాళంచెవులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. సంఘానికి ఇంతకంటె ప్రమాదం మరొకటి లేదు. పాలు విరిగినా నమ్మకం విరిగినా మళ్ళీ కలవవు.

యంత్రాన్ని సరిచూసి, అందరి ఎదుట నమూనా తీసి, రెండుసార్లు పరీక్షించాము. అంకె మారలేదు. మరి సభ్యురాలు అబద్ధమాడుతున్నదా? అదీ నమ్మబుద్ధి కాలేదు. మరునాడు తెల్లవారకముందే ఆమె పాక వద్దకు వెళ్ళాము.

అక్కడ చూసినది ఇది. కోడలు పురిటికి పుట్టింటికి వెళ్ళింది. ఇద్దరి పని ఒక్క మనిషి మీద పడింది. పొయ్యి మీద అన్నం, మనవడికి బడి బండి వచ్చే వేళ, "కేంద్రం మూసేస్తారు, కానియ్" అని ఇంటాయన కేకలు. దూడ పొదుగు వదలకపోతే కర్రతో ఒకటి వేశాడు. గేదె బెదిరి కాలు ఎత్తింది. ఆమె నాలుగు ధారలు గబగబా పిండి, చేపు ఆగిపోగానే దూడను వదిలి లేచింది.

అయ్యలారా, పొదుగు కుండ వంటిది కాదు, వంచగానే పాలు రావడానికి. గేదె పాలలో చాలా భాగం పొదుగు లోపలి సన్నని గదులలో ఉంటుంది. దూడ కుడిచినా, గోరువెచ్చని నీళ్ళతో పొదుగు కడిగినా, ఆ స్పర్శకు మెదడు నుండి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి వచ్చి పాలను కిందికి దించుతుంది. దానినే మనం చేపు అంటాము. ఆవుకు ఇది సుమారు ఒక నిమిషంలో వస్తే, గేదెకు రెండు నిమిషాలు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ పడుతుంది. వచ్చిన చేపు నిలిచేది కొద్ది నిమిషాలే. ఈలోగా కేక పెట్టినా, కొట్టినా, భయంతో పుట్టే అడ్రినలిన్ దానిని ఆపివేస్తుంది. గేదె ఎగచేపిందని మనం దానినే తిడతాము.

ఇంకొక సంగతి. మొదటి ధారలలో వెన్న తక్కువ, ఆఖరి ధారలలో ఎక్కువ. ఆమె తొందరలో పొదుగులో వదిలివేసినవి ఆ చిక్కని ఆఖరి పాలే. దూడ వాటా దూడకు ఉండవలసిందే. కాని ఇక్కడ దూడ మీగడ తాగుతున్నది, కేంద్రానికి పలచని పాలు వస్తున్నవి. దొంగ కార్యదర్శీ కాదు, సభ్యురాలూ కాదు. దొంగ తొందర.

ఇంటాయనను కూర్చోబెట్టి చెప్పాము. పొయ్యి, పిల్లవాడు ఆయన చూసుకోవాలి. పాలు పిండేవేళ పాకలో కేక వినపడకూడదు. పొదుగు కడిగి, చేపు వచ్చేదాకా ఆమె ఊరకే కూర్చోవాలి. "ఊరకే కూర్చోవడమా!" అన్నాడాయన. అవును, ఊరకే కూర్చోవడమే పని అన్నాము.

నెల తిరిగేసరికి అంకె మెల్లగా పాత చోటికి వచ్చింది. ఆమె కార్యదర్శి వద్దకు వెళ్ళి, "తమ్ముడూ, తప్పు మాట అన్నాను" అన్నది. ఆయన ఆమె పాలు కొలిచాడు. అంతటితో సరిపోయింది. మాతో మాత్రం ఒక మాట అన్నది: "ఇన్‌స్పెక్టరుగారూ, గేదె సంగతి అటుంచండి. దాని డొక్కకు తల ఆనించి కూర్చునే ఆ రెండు నిమిషాలే రోజు మొత్తంలో నావి."

ఈ మాట మాకూ తగిలింది. ఒకసారి, సాయంత్రం బస్సు తప్పుతుందన్న ఆత్రంలో ఒక సంఘం లెక్క తప్పుగా కూడి, లేని లోటు రాశాము. ఆ కార్యదర్శికి రాత్రి నిద్ర లేదు. మరునాడు వేపచెట్టు కింద పెరుగన్నం తిని, కొంతసేపు పుస్తకం ముట్టకుండా కూర్చొని, మళ్ళీ చూస్తే తప్పు మాదే. అప్పటినుండి ఆ కాసేపు కూర్చోకుండా మధ్యాహ్నం పుస్తకం తెరవడం లేదు.

కొందరు ఆ రెండు నిమిషాలు మిగుల్చుకోవడానికి సూది వేస్తారు. పశువుకు హాని చేసే అటువంటి సూది 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఉచితంగా దొరికే ఓర్పును వదులుకొని నేరాన్ని కొనుక్కోవద్దు.

కనుక మా మనవి ఒక్కటే. ప్రశాంతతకు వేరే వేళ దొరకదు. మన పనిలోనే అది ఇమిడి ఉన్నది: చేపు వచ్చేదాకా రెండు నిమిషాలు, కేంద్రం వద్ద వరుసలో కొంతసేపు, మధ్యాహ్నం పశువు నీడన పడుకొని నెమరు వేసే వేళ. ఆవు రోజుకు ఏడెనిమిది గంటలు నెమరు వేస్తుంది. దానిని సోమరి అని ఎవరూ అనరు. ఇంటి ఆడవారు కాసేపు కూర్చుంటే ఆ మాట అనకండి.

సాయంత్రపు పాల వేళ అవుతున్నది. నెమ్మదిగా వెళ్ళండి. సెలవు, నమస్కారం.