బోర్డు చదువుదాం, ఊరు చూద్దాం



ఈ రోజు కొత్త పాఠం లేదు. పలకలు పక్కన పెట్టండి. కాసేపు మాట్లాడుకుందాం.

పోయిన వారం ఒక అక్క నాతో ఒక మాట అంది. ఆమె పాలమూరు నుంచి వచ్చి పదిహేనేళ్లయింది. జూబ్లీహిల్స్‌లో మూడు ఇళ్లలో పని చేస్తుంది. ఊరి నుంచి చుట్టాలు వచ్చారట. "హైదరాబాదు చూపించు" అన్నారట. "నేనేం చూపించాలి టీచరమ్మా? నాకు తెలిసిన తోవలు రెండే. ఒకటి పనికి పోయే తోవ. రెండోది దవాఖానకు పోయే తోవ" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. మన ఫిలింనగర్ చూడాలని ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఇక్కడే ఉన్న మనం ఊరు చూడలేదు. ఎందుకు? డబ్బు లేక కొంత. తీరిక లేక కొంత. తప్పిపోతామేమో అనే భయమే ఎక్కువ. కానీ ఇప్పుడు మీకు చదువు వచ్చింది. బోర్డు చదవగలరు.

ముందు మన దగ్గరే మొదలుపెడదాం. మెట్రో స్టేషను మీద ఏం రాసి ఉంది? "పెద్దమ్మ గుడి". ఆ గుడి మీ అందరికీ తెలుసు. ఇంకో స్టేషను పేరు "జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్". అక్కడ దిగితే కేబీఆర్ పార్కు దగ్గర. లోపల చిరాన్ ప్యాలెస్ ఉంది. అది నిజాం వంశం వాళ్ల భవనం. 1998లో ప్రభుత్వం ఆ చోటును జాతీయ పార్కుగా ప్రకటించింది. ఊరి నడుమ చిన్న అడవి. నెమళ్లు తిరుగుతాయి. పొద్దున్నే కార్లలో వచ్చి పెద్దవాళ్లు నడుస్తారు. "మా నడక పనిలోనే అయిపోతుంది" అని మీరు నవ్వుతారు. నవ్వండి. కానీ పిల్లలకు నెమలిని చూపించండి.

చుట్టాలు ముందు అడిగేది సినిమా స్టూడియోలు. నిజం చెప్పాలంటే మనం చూసేది గేటు మాత్రమే. లోపలికి అందరినీ పంపరు. ఒకప్పుడు తెలుగు సినిమాలు ఎక్కువగా మద్రాసులోనే తీసేవారు. అక్కినేని నాగేశ్వరరావు గారు ఇక్కడ స్టూడియో కట్టారు. అది 1976లో మొదలైంది. దానికి తన భార్య అన్నపూర్ణ గారి పేరు పెట్టారు. ఆ గేటు మీద బోర్డు చదవండి. సెట్టింగులు లోపలికి పోయి చూడాలంటే రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. అది 1996లో మొదలైంది. దూరం ఎక్కువ. టికెట్టు మన రోజు కూలికి మించినది. దాన్ని పక్కన పెడదాం. ఆ తోవలో హయత్‌నగర్ వస్తుంది. ఈ పేరు గుర్తు పెట్టుకోండి.

మనం వెళ్లేది గోల్కొండ. ల కింద క వత్తు. పోయిన నెల నేర్చుకున్నదే.

ఆషాఢంలో బోనాలు మొదట అక్కడే మొదలవుతాయి. కోట పైన జగదాంబ మహంకాళి గుడి ఉంది. కోటలోకి పోగానే ఒక గుమ్మటం వస్తుంది. దాని కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్ దాకా వినిపిస్తుంది. ఫోన్లు లేని రోజుల్లో కింది కబురు పైకి అలా చేరేది. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్నను బంధించిన జైలు కూడా అక్కడే ఉంది. ఆయననే మనం రామదాసు అంటాం. నాకు మాత్రం అన్నిటికన్నా నచ్చినవి మట్టి గొట్టాలు. గోడల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. కింది నీళ్లను అంచెలంచెలుగా అంత ఎత్తుకు ఎక్కించేవారు. నెత్తిన బిందె మోసినవాళ్లకే ఆ పని విలువ తెలుస్తుంది. గొట్టాలు చూడకుండా దిగకండి.

కోటకు దగ్గరలోనే కుతుబ్‌షాహీల సమాధులు ఉన్నాయి. వాటిలో ఒకటి హయత్ బక్షీ బేగంది. 1591లో చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీకి ఆమె కూతురు. భర్త సుల్తాను. కొడుకు సుల్తాను. కొడుకు చిన్నవాడుగా గద్దె ఎక్కితే రాజ్యం పనులు ఆమే చూసింది. హయత్‌నగర్ ఆమె పేరే. ఆమెను "మా సాహెబా" అనేవారు. మాసాబ్ ట్యాంక్ పేరు అలా వచ్చిందని చెబుతారు. ఇన్నాళ్లూ ఆ బోర్డులున్న బస్సులు మన ముందు నుంచే పోయాయి. వాటి మీద ఒక ఆడమనిషి పేరు ఉందని మనకు తెలియలేదు.

హుస్సేన్‌సాగర్, సాలార్‌జంగ్ మ్యూజియం ఇంకోసారి చూద్దాం. మ్యూజియానికి శుక్రవారం సెలవు. జంతువుల పార్కుకు సోమవారం సెలవు. పోయాక గేటు మూసి ఉంటే మనసు చివుక్కుమంటుంది.

ఇప్పుడు బస్సు సంగతి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు సిటీ బస్సులో టికెట్టు డబ్బు లేదు. డీలక్స్, ఏసీ బస్సులకు ఇది వర్తించదు. మెట్రోకూ టికెట్టు కొనాలి. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు ఇస్తారు. అడిగి తీసుకోండి. పారేయకండి.

నంబరు ఒక్కటే చూసి ఎక్కకండి. నంబరు పక్కన ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. అక్షరం మారితే బస్సు పోయే చోటూ మారవచ్చు. టీచర్ ట్రైనింగు చదివే రోజుల్లో నేను అక్షరం చూడకుండా ఎక్కాను. చీకటి పడ్డాక ఎక్కడో దిగాను. చదువుకున్నదాన్నే! ఏడుపొచ్చింది. జామపండ్లు అమ్మే ఒక పెద్దమ్మ సరైన బస్సు చూపించింది. ఆమెకు చదువు రాదు. కానీ ఆ తోవలో పోయే బస్సులన్నీ ఆమెకు తెలుసు.

"ఊరు తిరగడానికి నీకేం పని అంటాడు మా ఆయన" అని ఒక అక్క చెప్పింది. ఆయన్నీ రమ్మను అక్కా. రానంటే, పొద్దుగూకకముందే వస్తానని చెప్పు. ఆ పూట అన్నం ఆయన వండుకుంటాడు.

వచ్చే ఆదివారం ఎనిమిది గంటలకు అందరం ఇక్కడికే రావాలి. సద్ది కట్టుకోండి. నీళ్ల సీసా, ఆధార్ కార్డు మరిచిపోవద్దు. కోట టికెట్టుకు కొంత డబ్బు ఉంచుకోండి. పదిహేనేళ్ల లోపు పిల్లలకు అక్కడ టికెట్టు లేదు. ముందు మెహదీపట్నం పోతాం. అక్కడ గోల్కొండ బస్సు ఎక్కుతాం. బోర్డు చదివేది నేను కాదు. ముందు నిలబడేది మన పాలమూరు అక్క. ఆమె చదివి "ఇదే" అంటే అందరం ఎక్కుతాం. ఆమె చార్మినార్ బస్సు ఎక్కించినా సరే, నేనూ ఎక్కుతాను.