కణం ఎదిగింది, కాల్షియమూ పెరిగింది



అక్యూట్ మైలాయిడ్ లుకేమియాలో జబ్బంతా కణాలు పెరగడంలోనే లేదు, అవి ఎదగకపోవడంలో ఉంది. మూలుగలో పుట్టిన తెల్లకణం పసితనంలోనే ఆగిపోయి, తనలాంటివాటినే కంటూ పోతుంది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో అమైనాప్టెరిన్ తయారుచేసింది. దాంతో పిల్లల్లో లుకేమియా కొంతకాలమైనా తగ్గుముఖం పడుతుందని 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. అది కణాన్ని చంపే దారి. 1981లో జపాన్‌లో ఎత్సుకో అబే, తత్సువో సుడా బృందం ఇంకో దారి చూపింది. విటమిన్-డి క్రియాశీల రూపమైన కాల్సిట్రియాల్ తగలగానే ఎలుకల లుకేమియా కణాలు పక్వానికి రావడం మొదలుపెట్టాయి.

ఇవాళ పట్టాలు అందుకుంటున్న యువ వైద్యులారా, ఆ మార్పు మీరు కళ్లారా చూడాలి. హెచ్ఎల్-60 అనే మానవ లుకేమియా కణాలు ద్రవంలో గుండ్రంగా తేలుతుంటాయి. కాల్సిట్రియాల్ కలిపిన మూడు నాలుగు రోజులకు వాటిలో చాలా కణాలు పాత్ర అడుక్కి అంటుకుని పరుచుకుంటాయి. ఈస్ట్ వేస్తే మింగుతాయి. ఎన్‌బీటీ అనే రంగు కలిపితే లోపల ముదురు నీలం మచ్చలు తేలుతాయి. ఇవన్నీ మోనోసైట్ లక్షణాలు! కేంద్రకంలోని గ్రాహకాన్ని కాల్సిట్రియాల్ పట్టుకుని, మూగబోయిన జన్యువులను పనిలోకి దింపుతుంది. విభజన ఆగుతుంది.

మరి కాల్సిట్రియాల్ లుకేమియాకు మందుగా ఎందుకు నిలవలేదు? అదే గ్రాహకం పేగులోనూ ఎముకలోనూ ఉంది. పాత్రలో వాడే మోతాదు రక్తంలో సహజంగా ఉండేదానికి దాదాపు వెయ్యి రెట్లు. అందులో కొద్ది భాగం ఒంట్లోకి చేరినా పేగు కాల్షియాన్ని విపరీతంగా పీల్చుకుంటుంది, ఎముక వదులుతుంది. దాహం, వాంతులు, మలబద్ధకం, మతి తప్పడం, ఆపైన కిడ్నీలకు ముప్పు. 1980లలో మైలోడిస్ప్లేసియా అనే మూలుగ జబ్బు ఉన్న రోగులకు ఇచ్చి చూస్తే కాల్షియమే అడ్డం పడింది, కనిపించిన మేలూ నిలవలేదు. కాల్షియాన్ని అంతగా పెంచని రూపాలను తయారుచేశారు. వాటిలో కాల్సిపోట్రియాల్ సోరియాసిస్‌కు పూతమందుగా స్థిరపడింది గానీ లుకేమియాకు ఏదీ అక్కరకు రాలేదు.

అయినా ఆ శ్రమ వృథా అని నేను అనను. కణాన్ని ఎదిగేలా చేయాలన్న ఆలోచన గెలిచింది. 1988లో షాంఘైలో వాంగ్ జెన్‌యీ బృందం విటమిన్-ఎ నుంచి వచ్చే రెటినోయిక్ ఆమ్లంతో ప్రోమైలోసైటిక్ లుకేమియాను లొంగదీసినట్టు ప్రకటించింది. ఇవాళ ఆర్సెనిక్ తోడై ఆ జబ్బు చాలామందికి పూర్తిగా నయమవుతోంది.

రేపు మీ ఓపీకి ఒకరు వస్తారు. "విటమిన్-డి క్యాన్సర్‌ను తగ్గిస్తుందట కదా డాక్టర్ గారూ" అంటూ, వారానికొకటి వేసుకోవాల్సిన 60,000 యూనిట్ల సాషే రోజూ వేసుకుంటున్నామని చెబుతారు. కసరకండి. పాత్రలో జరిగేదేమిటో, ఒంట్లో జరిగేదేమిటో నింపాదిగా వివరించండి. సాషే ఆపించి, ఆ రోజే కాల్షియం, క్రియాటినిన్ పరీక్షలు రాయండి.