తిమింగలం చుట్టాలు జూపార్కులో



బహదూర్‌పుర జూపార్కు చూడనివాళ్ళు పాతబస్తీలో తక్కువ. 1963 అక్టోబరు 6న దాన్ని తెరిచారు. మీరాలం చెరువు పక్కన 380 ఎకరాల్లో ఉంది. అక్కడ పెద్దపులి ఉంది, ఏనుగు ఉంది, ఖడ్గమృగం ఉంది. తిమింగలం మాత్రం లేదు. ఎట్లా ఉంటది? నీలి తిమింగలం 30 మీటర్ల దాకా పెరుగుతుంది. దాదాపు మూడు సిటీ బస్సులు వరసగా నిలబెట్టినంత పొడుగు. మీరాలం చెరువు కూడా దానికి చాలదు.

అయినా తిమింగలం చుట్టాలు ఆ జూపార్కులో ఉన్నాయి. ఒకటి నీటిగుర్రం. పిల్లలు హిప్పో అంటారు. ఈనాడు బతికి ఉన్న నేల జంతువుల్లో తిమింగలానికి అన్నిటికన్నా దగ్గరి చుట్టం అదే. అది నీళ్ళలోనే జతకడుతుంది. ఎక్కువగా నీళ్ళలోనే ఈనుతుంది. నీటి అడుగున కూడా పిల్లకు పాలిస్తుంది. రెండో చుట్టం మూషిక జింక. ఇది దూరపు చుట్టం. ఎత్తు ఒక అడుగు, బరువు సుమారు మూడు కిలోలు. మూడు కిలోల జింకకు, వంద టన్నులు దాటే తిమింగలానికి చుట్టరికం ఏమిటి అంటారా?

తిమింగలం చేప కాదు. చేపలు మొప్పలతో ఊపిరి తీస్తాయి. తిమింగలం నీటిపైకి వచ్చి గాలి పీలుస్తుంది. దాని రక్తం వెచ్చగా ఉంటుంది. కడుపులో బిడ్డను మోస్తుంది. మాయ ఉంటుంది, బొడ్డుతాడు ఉంటుంది. కని పాలిస్తుంది. ఒకప్పుడు దాని పూర్వీకులు నేల మీద నాలుగు కాళ్ళతో నడిచాయి.

ఈ సంగతికి గట్టి సాక్ష్యం మన దేశంలోనే దొరికింది. ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త జమ్మూ–కశ్మీర్‌లోని కాలాకోట్ ప్రాంతంలో పాత ఎముకలున్న రాళ్ళు సేకరించారు. అందులో ఒక చిన్న జంతువుకు 1971లో ఇండోహ్యూస్ అని పేరు పెట్టారు. ఆయన పోయాక పగలగొట్టని రాళ్ళు ఇంకా చాలా మిగిలాయి. ఆయన భార్య వాటిని పారెయ్యలేదు. ఏళ్ళ తరబడి కాపాడి, తర్వాత థ్యూవిసెన్ అనే అమెరికా శాస్త్రవేత్తకు ఇచ్చారు. రాళ్ళు పగలగొడితే ఇండోహ్యూస్ పుర్రె, చెవి ఎముక బయటపడ్డాయి. చెవి ఎముక అచ్చం తిమింగలం చెవి ఎముకలాగే ఉంది! 2007లో ఈ సంగతి లోకానికి తెలిసింది. ఆ జంతువు సుమారు 4 కోట్ల 80 లక్షల ఏళ్ళ కిందటిది. రూపంలో మూషిక జింకలాగా ఉండేది. నీళ్ళలో నడిచేది. ఆఫ్రికాలో ఉండే మూషిక జింక ఇప్పటికీ గద్ద కనిపిస్తే నీళ్ళలోకి దూకి దాక్కుంటుంది. ఇంట్లో రాళ్ళకుప్ప ఉంటే ఎవరైనా బయట పడెయ్యమంటారు. ఆ ఇల్లాలు పడెయ్యకపోవడం వల్లనే ఈ కథ తెలిసింది.

మళ్ళీ జూపార్కుకు వద్దాం. మూషిక జింక నల్లమల అడవిలో ఉండేది. వేట వల్ల, అడవి తరిగిపోవడం వల్ల తగ్గిపోయింది. 2010లో జూపార్కువాళ్ళు, అత్తాపూర్‌లోని లాకోన్స్ శాస్త్రవేత్తలు కలిసి దాన్ని పెంచడం మొదలుపెట్టారు. లాకోన్స్ అంటే అంతరించిపోయే జంతువులను కాపాడే ప్రయోగశాల. సీసీఎంబీ సంస్థకు చెందినది.

పెంచడం తేలిక కాదు. ఈ జింక రాత్రిపూట తిరుగుతుంది. బెదురు ఎక్కువ. పట్టుకుని కడుపు తడిమి చూస్తే భయంతో చావనూవచ్చు. మరి చూలు కట్టిందో లేదో తెలిసేది ఎట్లా? పెంటికలు ఏరారు. కడుపుతో ఉన్నప్పుడు ఆడ ఒంట్లో పుట్టే ఒక రసం పెంటికల్లోకి కూడా వస్తుంది. దాన్ని కొలిచి చెప్పారు. జంతువును ముట్టుకోనక్కర లేదు.

దీని చూలు సుమారు ఐదు నెలలు. మేకకూ అంతే గదా. అయితే మేకకు లేని ఒక గుణం దీనికి ఉంది. ఈనిన కొద్ది గంటలకే ఆడది మళ్ళీ ఎదకు వస్తుంది, మగదానితో జతకడుతుంది. ఒక పిల్ల పాలు తాగుతుంటే ఇంకో పిల్ల కడుపులో పడుతుంది. పాపం, ఏడాది పొడుగునా కడుపే. అడవిలో పులికి, నక్కకు, పాముకు ఆహారమయ్యే జంతువు కనుక వెంట వెంట కనకపోతే జాతి నిలవదు. కొన్ని జింకలతో మొదలై ఏడెనిమిదేళ్ళలో సంఖ్య రెండు వందలు దాటింది. 2017లో కొన్నిటిని నల్లమలలోని అమ్రాబాద్ పులుల అడవిలో వదిలారు.

తిమింగలం లెక్క దీనికి పూర్తిగా తిరుగు. నీలి తిమింగలం 11 నెలలు మోస్తుంది. ఒక కాన్పుకు ఒక్కటే పిల్ల. మళ్ళీ కాన్పు రెండు మూడేళ్ళకు గాని రాదు. పుట్టిన పిల్ల 7 మీటర్ల పొడుగు, రెండున్నర టన్నుల బరువు! ఇంత ఆలస్యంగా కనే జాతిని వేటాడితే ఏమవుతుంది? ఇరవయ్యో శతాబ్దంలో నూనె కోసం మూడు లక్షలకు పైగా నీలి తిమింగలాలను చంపారు. 1986 నుంచి వ్యాపారం కోసం వేటాడటాన్ని చాలా దేశాలు ఆపాయి. ఇన్నేళ్ళయినా వాటి సంఖ్య పూర్వంలా కాలేదు.

ఇప్పుడు ఆడ, మగ అవయవాల సంగతి. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. మేకలు, బర్రెలు పెంచిన ఇళ్ళలో ఇది కొత్త ముచ్చట కాదు. మేకపోతు బీజాలు బయట వేలాడతాయి. ఒంటి వేడి తగలకుండా అవి చల్లగా ఉండాలి. మరి తిమింగలానికి బయట వేలాడితే ఈత సాగదు. అందుకని బీజాలు కడుపు లోపలే ఉంటాయి. తోక, రెక్కల దగ్గర చల్లబడిన రక్తం వాటి పక్కగా పారి చల్లబరుస్తుంది. అంగం కూడా చీలిక లోపల దాగి, కావలసినప్పుడే బయటికి వస్తుంది. నీలి తిమింగలానికి అది రెండు మీటర్లు దాటి ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే కండరాలు రెండు చిన్న ఎముకలకు అతుక్కుని ఉంటాయి. అవి పాత కాలపు తుంటి ఎముకలు. కాళ్ళు పోయినా అవి మిగిలాయి.

హంప్‌బ్యాక్ అనే తిమింగలాల్లో మగవి గంటల తరబడి పాడతాయి. ఆడది ముందు ఈదుతుంటే మగవి వెంటపడి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. రైట్ తిమింగలాల్లో అంత కొట్లాట ఉండదు. ఒక ఆడదానితో చాలా మగవి జతకడతాయి. మగదాని బీజాల జత ఒక టన్ను దాకా తూగుతుంది. ఎవరి బీజం ఎక్కువైతే వారి పిల్ల పుట్టే అవకాశం ఎక్కువ. ఆడదానికి ఇష్టం లేకపోతే నీటిపైన వెల్లకిలా తిరుగుతుంది. అప్పుడు మగదానికి అందదు. అంత పెద్ద సముద్రంలో కూడా ఆమె వద్దంటే వద్దే.

కాన్పులో చాలాసార్లు తోక ముందు వస్తుంది. పిల్ల వెంటనే పైకి పోయి గాలి పీల్చాలి. పొదుగు కనపడదు. చన్నులు రెండు చీలికల్లో దాగి ఉంటాయి. పిల్ల నోట్లోకి తల్లే కండరాలు బిగించి పాలు చిమ్ముతుంది. ఆ పాలు మీగడకన్నా చిక్కన. నీలి తిమింగలం పిల్ల రోజుకు 90 కిలోల దాకా బరువు పెరుగుతుంది.

ముట్లుడగడం మనుషులకే ఉందనుకుంటాం. ఓర్కా, పైలట్ తిమింగలం వంటి ఐదు జాతుల పళ్ళ తిమింగలాలకు కూడా ఉంది. ఆడ ఓర్కా నలభై ఏళ్ళ దగ్గర కనడం మానేస్తుంది. ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్ళు బతుకుతుంది. కొన్ని ఎనభై దాటాయి. ఊరికే బతకదు. చేపలు దొరకని కరువు ఏడాదిలో గుంపుకు దారి చూపేది ఈ ముసలమ్మే. అమ్మమ్మ చనిపోతే మనవళ్ళు చనిపోవడం ఎక్కువైందని శాస్త్రవేత్తలు లెక్కతీశారు. ఇక్కడ మాత్రం, పిల్లలు పుట్టాక గర్భసంచితో పనేముంది, తీయించెయ్యమనే మాట తేలికగా వినిపిస్తుంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 8 మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తంలో నూటికి 3 మందే. అవసరమైతే తీయించుకోవాలి, నిజమే. అవసరమా కాదా అని రెండో డాక్టరును కూడా అడగడం మంచిది.

పైలట్ తిమింగలాలు బంగాళాఖాతంలో కూడా ఉన్నాయి. తల్లి, పిల్లలు, అమ్మమ్మ ఒకే గుంపుగా బతుకుతాయి. 2016 జనవరిలో తమిళనాడులో తిరుచెందూరు దగ్గర సుమారు 80 తిమింగలాలు ఒడ్డుకు కొట్టుకువచ్చాయి. బెస్తవాళ్ళు రాత్రంతా కష్టపడి వాటిని సముద్రంలోకి నెట్టారు. కొన్ని బతికి వెళ్ళాయి. కొన్ని మళ్ళీ ఒడ్డుకే తిరిగి వచ్చాయి. తమ గుంపులోనివి ఇంకా ఇసుక మీదే ఉన్నాయి మరి.