పక్క తడుపు బిడ్డలు – నిందించుటకు ముందు తెలిసికొనవలసినవి

(ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



త్రాగునీరు, బాటలు, వీధి దీపములు – వీనిని గూర్చి మనము తరచుగా మాటలాడుకొందుము. నేడు నేను ప్రస్తావింపబోవు విషయము తీర్మానముల పుస్తకములోనికి ఎక్కునది కాదు. అది ఇంటి గడప దాటి రాదు. తెల్లవారకముందే తల్లి బొంతను ఉతికి పెరటిలో ఎవరికంటను పడకుండ ఆరవేయును. బిడ్డ తల వంచుకొని కూర్చుండును. బిడ్డలు నిద్రలో పక్క తడుపుటను గూర్చియే నేను చెప్పుచున్నాను.

ఇది చాల చిన్న సంగతి యని కొందరికి తోచవచ్చును. పులివెందుల ప్రాంతమున ఒక పల్లెలో నాకు తెలియవచ్చిన సంగతి వినుడు. తొమ్మిదేండ్ల బాలుడు, చదువులో చురుకైనవాడు. వసతి గల పాఠశాలలో వానికి చోటు దొరకినది. నెల తిరుగకముందే వాడు ఇంటికి వచ్చివేసెను. కారణ మడిగిన చెప్పడు. తండ్రి విసిగి వానిని చీనీతోటకు వెంట తీసికొని పోవుచుండెను. తుదకు వాని అవ్వ నాతో మెల్లగా ననెను: “రాత్రిపూట పక్కలో పోసుకుంటాడు నాయనా. తోటి పిల్లోళ్లు నవ్వినారని వచ్చేసినాడు.”

ఆ బిడ్డ చదువును ఆపినది రోగము కాదు, సిగ్గు.

ఇది బిడ్డ తప్పు కాదు

మొట్టమొదట మనము గ్రహింపవలసినది, బిడ్డ దీనిని కావలెనని చేయుట లేదు. ఐదేండ్లు నిండువరకు దీనిని లోపముగా నెంచనక్కరలేదు. ఐదేండ్ల బిడ్డలలో నూటికి సుమారు 15 మందియు, పదేండ్ల వారిలో సుమారు 5 మందియు పక్క తడుపుదురని వైద్యుల అంచనా. మగపిల్లలలో ఇది కొంత అధికము. ఇట్టి బిడ్డలలో ఏటేట నూటికి 15 మందికి ఏ చికిత్సయు లేకయే మానిపోవును. తల్లిదండ్రులలో ఒకరికి బాల్యమున ఇది ఉన్నచో బిడ్డకు వచ్చు అవకాశము నూటికి సుమారు 40 పాళ్లు. ఇరువురికిని ఉన్నచో 70 పాళ్లకు పైన. కావున బిడ్డపై చేయి యెత్తు తండ్రి ముందుగా తన తల్లి నడిగి తన బాల్యమును గూర్చి తెలిసికొనుట మేలు.

కారణములు ముఖ్యముగా మూడు. రాత్రివేళ మూత్రమును తగ్గించు ఒక రసము మెదడునుండి ఊరును. అది కొందరు బిడ్డలలో చాలినంత ఊరదు. కొందరికి మూత్రాశయము తక్కువ పట్టును. మూత్రాశయము నిండినను కొందరికి మెలకువ రాదు. చెరువులోనికి నీరు ఎక్కువ వచ్చినను, చెరువు చిన్నదైనను, నీరుగంటి నిద్రపోయినను నీరు కట్ట మీదుగా పొరలును గదా! దానికి చెరువును కొట్టినందువలన ప్రయోజన మేమి?

అంచనా వేయు విధము

వైద్యుని కడకు పోవుటకు ముందు తల్లిదండ్రులు ఈ క్రింది ప్రశ్నలకు సమాధానములు సిద్ధము చేసికొనవలెను.

మొదటిది: ఇది పుట్టినది మొదలు ఉన్నదా, లేక ఆరు నెలలైనను పొడిగా గడచిన పిమ్మట మరల మొదలైనదా? మరల మొదలైనచో ఇంటిలో నేమి మారినదో విచారింపవలెను. చెల్లెలు పుట్టినదా? ఇంటిలో మరణమో, కలహమో కలిగినదా? తల్లిదండ్రులు పనులకై వలసపోయిరా? బడిలో ఎవరైనను బెదరించుచున్నారా?

రెండవది: పగటివేళ ఎట్లున్నది? మాటిమాటికి పరుగెత్తుట, బట్టలు తడుపుకొనుట ఉన్నచో వైద్యునికి తప్పక చెప్పవలెను.

మూడవది: మలబద్ధకమున్నదా? నిండిన ప్రేగు మూత్రాశయమును ఒత్తును. పెక్కుచోట్ల ఇది సరియైనచో పక్క తడుపుటయు తగ్గును.

నాలుగవది: అపాయ సూచన లున్నవా? అధిక దాహముతో బిడ్డ చిక్కిపోవుచున్నచో అది మధుమేహము కావచ్చును. ఒక్కదినమైనను ఆలస్యము చేయరాదు. మూత్రమున మంట, జ్వరము, రక్తము, ధార సన్నగిల్లుట, కాళ్లలో బలహీనత, నడక మారుట, నిద్రలో పెద్ద గురకతో ఊపిరి ఆగి ఆగి వచ్చుట – వీనిలో నేది కనబడినను వెంటనే వైద్యునికి చూపవలెను.

ఇక ఒక నోటు పుస్తకమున రెండు వారములపాటు ఏ రాత్రి తడిసినది, ఏ రాత్రి తడియలేదు, సాయంకాల మేమి త్రాగినాడు అను వివరములు వ్రాసి యుంచవలెను. రెండు దినములు పగటి మూత్రమును కొలగిన్నెలో పట్టి చూడవలెను. వయస్సునకు ఒకటి కలిపి 30 చేత హెచ్చించిన వచ్చు మిల్లీలీటర్లు సాధారణముగా మూత్రాశయము పట్టు కొలత. అనగా ఎనిమిదేండ్ల బిడ్డకు 270. ఈ పుస్తకమును మూత్రపరీక్షతో కలిపి చూచినచో వైద్యునికి సగము పని తీరును.

ఇంటిలో చేయదగినవి

నీరు మాన్పింపరాదు, మన ఎండలకు అది ప్రమాదము. పగలు బాగుగా త్రాగించి, పడుకొనుటకు రెండు గంటల ముందునుండి తగ్గింపవలెను. సాయంకాలము టీ ఈయరాదు. పడుకొనబోవునపుడు మూత్రవిసర్జన చేయించవలెను. మరుగుదొడ్డి దారిలో దీపముండవలెను. చీకటికి వెరచు బిడ్డ మేల్కొనినను లేవడు. పొడిగా ఉన్న రాత్రిని మెచ్చుకొనుటకంటె, చెప్పినట్లు నడచుకొన్నందుకు మెచ్చుకొనుట మంచిది; నిద్ర బిడ్డ చేతిలోనిది కాదు.

అప్పటికిని తగ్గనిచో తడి తగిలిన వెంటనే మ్రోగి మేల్కొలుపు గంట సాధనము కలదు. అమెరికాలో మౌరర్ దంపతులు 1938 లో దీనిని గూర్చి ప్రకటించిరి. దీనికి రెండు మూడు నెలల ఓర్పు కావలెను. డెస్మోప్రెసిన్ అను మందు నేడు లభించుచున్నది. వైద్యుని సలహా లేనిదే దానిని వాడరాదు, వాడిన రాత్రి నీరు మితముగా త్రాగవలెను.

వాతలు పెట్టుట, తడిసిన బట్టలతో వీధిలో నిలుపుట క్రౌర్యము. బిడ్డ సంరక్షణ వహించువారు క్రూరముగా ప్రవర్తించినచో 2015 నాటి బాలల న్యాయ చట్టము 75వ సెక్షను క్రింద శిక్షార్హులు. పాఠశాలలో శారీరక దండనమును, మానసిక వేధింపును 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది.

పంచాయతీ బాధ్యత

సభ్యులారా! బడి మరుగుదొడ్డికి నీరున్నదా, తలుపునకు గడియ యున్నదా, తరగతి నడుమ బిడ్డను పోనిచ్చుచున్నారా – ఇది మీరు చూడవలసిన పని. 2013 లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందము బడికి వచ్చునపుడు ఇట్టి బిడ్డలను నలుగురిలో పేరు పెట్టి పిలువక, మరుగున చూపించుడు. ఆశా కార్యకర్త ద్వారా తల్లికి కబురు చేయుడు.

నేను చెప్పిన బాలుని ఆరోగ్య కేంద్రమునకు తీసికొని పోయిరి. మరుగుదొడ్డికి పోవుటకు వెరచి వాడు పగలు నీరే త్రాగక, రాత్రి అన్నమువేళ రెండు చెంబులు త్రాగుచుండెనని తెలిసినది, మలబద్ధకమును బయటపడినది. రెండును సవరించిరి. ఇప్పటికిని నెలకొకటి రెండుమార్లు పక్క తడియుచునే యున్నది. కాని వాడు మరల బడికి పోవుచున్నాడు. తోటలోనుండి ఒక బిడ్డ బడికి మరలినచో, అది పంచాయతీ వేసిన బాటకంటె తక్కువ పని కాదు.